ఏ స్వైపింగ్ మిషను పెట్టించుకోవాలో చెప్పే ముందు: వర్తక సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

పట్టణ వర్తక సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

చిన్న దుకాణాల లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి బతుకుతున్నవాణ్ణి నేను. కిరాణా, బట్టలు, మందులు, హార్డ్‌వేర్, మిఠాయిలు... ఏ దుకాణం డబ్బు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతోందో నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంట్లలో చూడటం నా పని. ఈ మధ్య మీ సంఘాల నుంచి సభ్యులకు వెళుతున్న ఒక కబురు నాకు మింగుడు పడటం లేదు. ‘ఫలానా కంపెనీతో సంఘం మాట్లాడింది, అందరూ వాళ్ల స్వైపింగ్ మిషను, వాళ్ల క్యూఆర్ పెట్టించుకోండి, మొదట్లో అద్దె ఉండదు’ అన్నది ఆ కబురు. అదే కంపెనీ పేరు సంఘం డైరీ వెనుక అట్ట మీద ఉంటుంది, వార్షికోత్సవం ఫ్లెక్సీ మీదా ఉంటుంది.

ఫ్లెక్సీకి డబ్బు తీసుకోవడం తప్పని నేను అనను. చందాల మీదే సంఘం నడపడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ ఆ డబ్బు సంగతి సభ్యులకు చెప్పకుండా సిఫారసు మాత్రం చేయకూడదు. ఒక్కో దుకాణానికి ఇంత అని కమీషను ముడుతుంటే దాన్ని సిఫారసు అనరు, ఏజెన్సీ అంటారు.

మీ మాట మీద సభ్యులకు ఎంత నమ్మకమో ఏ మధ్యాహ్నమైనా బజారులో నిలబడి చూడండి. ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వస్తాడు. ‘సంఘం పంపింది’ అంటాడు. దుకాణదారు ఒక చేత్తో కందిపప్పు తూస్తూ, రెండో చేత్తో ఫోనును కళ్లకు దూరంగా పెట్టుకుని ఓటీపీ అంకెలు పైకి చదువుతాడు. ఆధార్ ఫోటో, పాన్ ఫోటో, దుకాణం బోర్డు ఫోటో, రద్దు చేసిన చెక్కు ఫోటో. పప్పు పొట్లం కట్టేలోపు పని అయిపోతుంది. ఆ ఓటీపీయే సంతకం. దాని వెనుక ఇంగ్లిషులో పేజీలకు పేజీల ఒప్పందం ఉంటుంది. అనుమానం వస్తే చెల్లింపులు నిలిపివేసే హక్కు, ముందుగా చెప్పకుండా రేట్లు మార్చే హక్కు, తగాదా వస్తే ఎక్కడో పెద్ద నగరంలోని కోర్టుకు రావాలన్న షరతు, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఒప్పందం ప్రతి నా దగ్గరికి తెచ్చిన దుకాణదారు ఇంతవరకు ఒక్కరూ లేరు. మీ కార్యవర్గంలోనైనా ఎవరైనా చదివారా?

మీరు బేరమాడేదంతా అద్దె గురించి, శాతం గురించి. అది కూడా అవసరమే, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందుగా తేల్చుకోవలసింది వేరే ఉంది. కొనుగోలుదారు కార్డు గీకినప్పటి నుంచి ఆ డబ్బు దుకాణం ఖాతాలో పడేదాకా అది ఎవరి చేతిలో ఉంటుంది? మధ్యలో ఆగిపోతే జవాబు చెప్పేది ఎవరు? అమ్ముకోవడానికి వచ్చిన కుర్రాడు చెప్పలేడు, వచ్చే నెలకు అతను వేరే కంపెనీలో ఉంటాడు.

ఆ డబ్బు బ్యాంకు చేతిలోనైనా ఉండాలి, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న పేమెంట్ అగ్రిగేటర్ (కొనేవారి సొమ్ము తీసుకుని దుకాణాలకు చేర్చే మధ్యవర్తి సంస్థ) చేతిలోనైనా ఉండాలి. మూడో మనిషి చేతిలో ఉండటానికి వీల్లేదు. 2020 మార్చి 17న రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ చెల్లింపుల మధ్యవర్తులకు అనుమతి తప్పనిసరి చేసింది. 2025 సెప్టెంబరు 15న ఆ నిబంధనలను మళ్లీ రాసి, కౌంటరు దగ్గర ముఖాముఖి జరిగే చెల్లింపులకూ వర్తింపజేసింది. బ్యాంకు కాని సంస్థ దరఖాస్తు చేసేనాటికి నికర విలువ రూ.15 కోట్లు, మూడో ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి రూ.25 కోట్లు ఉండాలి. దుకాణాలకు చేరవలసిన సొమ్మును షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులో విడిగా ఎస్క్రో ఖాతాలో పెట్టాలి. ఆ సొమ్ముతో జీతాలు ఇవ్వకూడదు, ప్రకటనలు వేసుకోకూడదు. ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి ఎవరో ప్రకటించాలి.

అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టిక్కరు మీద కనిపించేది బ్రాండు పేరు, జాబితాలో ఉండేది కంపెనీ రిజిస్టరు పేరు. రెండూ ఒకటి కాకపోవచ్చు. కనుక కంపెనీ వాళ్లను కాగితం మీద అడగండి: మీ రిజిస్టరు పేరేమిటి, అనుమతి వచ్చిందా లేక ఇంకా దరఖాస్తు దశలోనే ఉందా, ఎస్క్రో ఖాతా ఏ బ్యాంకులో ఉంది? నిజంగా అనుమతి ఉన్నవాడికి ఈ మూడూ చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. నీళ్లు నమిలాడంటే అతను ఎవరికో సబ్ ఏజెంటని అర్థం. సబ్ ఏజెంట్ల ద్వారా మిషను రావడం తప్పు కాదు. డబ్బు వారి ఖాతా మీదుగా రావడం తప్పు.

స్టిక్కరు వెనుక ఏ బ్యాంకు ఉందో తెలుసుకోవలసిన అవసరం 2024లో అందరికీ తెలిసొచ్చింది. పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జనవరి 31న ఆంక్షలు ప్రకటించింది. మార్చి 15 తర్వాత ఆ బ్యాంకు ఖాతాల్లో కొత్తగా డబ్బు జమ కావడానికి వీల్లేదన్నది. సొమ్ము వేరే బ్యాంకు ఖాతాకు చేరే దుకాణాల క్యూఆర్ మామూలుగా పనిచేసింది. ఆ పేమెంట్స్ బ్యాంకు ఖాతానే వసూళ్లకు పెట్టుకున్నవారు మాత్రం గడువులోగా ఖాతా మార్చుకోవలసి వచ్చింది. కౌంటరు మీద స్టిక్కరు రెండు దుకాణాల్లోనూ ఒకటే. తమది ఏ కోవలోకి వస్తుందో తెలియక ఆ రోజుల్లో నాకు ఫోను చేసిన వారిలో ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవారు కూడా ఉన్నారు.

ఇక డబ్బు ఆగిపోవడం గురించి. దీని గురించి కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లలో దుకాణదారుకు గట్టిగా తగిలే దెబ్బ ఇదే, మీ బేరసారాల్లో ఒక్కసారీ ప్రస్తావనకు రానిదీ ఇదే.

నేను లెక్కలు చూసే ఒక బట్టల దుకాణం ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈగలు తోలుకుంటూ, శ్రావణంలోనూ దసరాకూ మాఘంలో పెళ్లిళ్లప్పుడూ నిలబడటానికి చోటు లేకుండా నడిచే దుకాణం. మిషను పెట్టేటప్పుడు కుర్రాడు త్వరగా అనుమతి రావాలని వార్షిక టర్నోవరు తక్కువ వేశాడు, సగటు బిల్లు రూ.800 అని రాశాడు. శ్రావణ శుక్రవారాలు వచ్చాయి. ఒక పెళ్లివారు ఒకే కార్డు మీద లక్షకు పైగా పట్టుచీరలు కొన్నారు. మరునాడు ఇంకో పెళ్లివారు. మూడో రోజు నుంచి దుకాణం ఖాతాలో పైసా పడలేదు. మిషను మీద బిల్లులు మామూలుగానే అవుతున్నాయి, చీటీలు వస్తున్నాయి, డబ్బు మాత్రం రావడం లేదు. ఫోను చేస్తే ‘రిస్క్ రివ్యూలో ఉంది’ అన్నారు. ఏ కాగితాలు పంపాలో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు మరొకటి చెప్పారు. అవతల ధర్మవరం మగ్గాల వాళ్లకు, సూరత్ పార్టీకి ఇవ్వవలసిన సొమ్ముకు వాయిదా దాటిపోయింది. చివరికి వడ్డీకి తెచ్చి కట్టారు. సరుకు అమ్ముడుపోయి, డబ్బు చేతికి రాక, అప్పు చేయవలసి రావడం!

కంపెనీ వైపు నుంచి కూడా చూద్దాం. కార్డుదారు తర్వాత తన బ్యాంకుకు వెళ్లి ‘ఈ కొనుగోలు నేను చేయలేదు’ అంటే ఛార్జ్‌బ్యాక్ వస్తుంది, అంటే ఆ సొమ్ము వెనక్కి ఇవ్వవలసి వస్తుంది. అప్పటికే దుకాణం మూసి వెళ్లిపోతే ఆ నష్టం కంపెనీ నెత్తిన పడుతుంది. అందుకే దరఖాస్తులో రాసినదానికీ రోజూ వస్తున్నదానికీ పొంతన లేకపోతే వాళ్ల కంప్యూటర్ గంట కొడుతుంది. ఆ జాగ్రత్తలో తప్పు లేదు. శ్రావణ మాసం అంటే ఏమిటో ఆ కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ చెప్పవలసినవారు మీరు. ఏ వ్యాపారం ఏ నెలల్లో ఎన్ని రెట్లు పెరుగుతుందో సంఘానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సభ్యుల దరఖాస్తుల్లో అసలు టర్నోవరు, పండగ రోజుల గరిష్ఠ బిల్లు రాయించండి. సీజనుకు ముందే కంపెనీకి మెయిలు పెట్టించండి. సొమ్ము నిలిపితే ఎన్ని రోజుల్లో కారణం రాతపూర్వకంగా చెబుతారో, వివాదం లేని మిగతా బిల్లుల సొమ్మును వదులుతారో లేదో ఒప్పందంలో రాయించండి. శాతంలో పది పైసలు తగ్గించడం కంటే ఈ రెండు వాక్యాలు రాయించడం సభ్యులకు ఎన్నో రెట్లు మేలు.

రేట్ల సంగతికి వస్తే, ‘అన్ని కార్డులకూ ఒకటే రేటు, 1.8 శాతం’ అని మీరు గొప్పగా చెప్పిన ఒప్పందాలు నేను చూశాను. వినడానికి సులువుగా ఉంటుంది. డెబిట్ కార్డుకు రిజర్వు బ్యాంకు 2017 డిసెంబరులోనే పరిమితి పెట్టింది, 2018 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. అంతకుముందు ఏడాది టర్నోవరు రూ.20 లక్షల లోపు ఉన్న దుకాణం దగ్గర మిషను మీద 0.40 శాతం మించి తీసుకోకూడదు, ఎంత పెద్ద బిల్లయినా రూ.200 దాటకూడదు. అంతకంటే పెద్ద దుకాణమైతే 0.90 శాతం, గరిష్ఠం రూ.1,000. రూపే డెబిట్ కార్డుకు, బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపు మీద దుకాణదారు నుంచి కోసుకునే ఈ శాతం) అసలే లేదు. క్రెడిట్ కార్డుకు మాత్రం ఇటువంటి పరిమితి లేదు, బేరం ఆడవలసింది అక్కడే.

ఇప్పుడు లెక్క కట్టండి. చిన్న దుకాణంలో డెబిట్ కార్డు మీద రూ.50,000 బిల్లు అయితే కోత రూ.200. అందరికీ ఒకటే అన్న 1.8 శాతం లెక్కన రూ.900. మధ్యలో రూ.700 ఎక్కడికి పోయిందో సభ్యుడికి తెలియదు, ఎందుకంటే స్టేట్‌మెంటులో రోజు మొత్తం ఒకే అంకెగా పడుతుంది. కాబట్టి రేటు అడిగేటప్పుడు డెబిట్‌కు విడిగా, రూపేకు విడిగా, క్రెడిట్‌కు విడిగా, కంపెనీల పేరు మీద ఇచ్చే కార్పొరేట్ కార్డులకు, విదేశీ కార్డులకు విడిగా అడగండి. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన పిల్లలు నగలు, చీరలు కొనేది విదేశీ కార్డు మీదే, దాని రేటు చాలా ఎక్కువ. యూపీఐ ఉచితమే కదా అనుకునేవారికి ఇంకో విషయం: రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుని క్యూఆర్ మీద కడితే, చిన్న దుకాణాలకు రూ.2,000 వరకు కోత లేదు, ఆ పైన ఉంటుంది. ‘క్యూఆర్ మీద కూడా కోస్తున్నారు, మోసం’ అని నాతో పోట్లాడినవారికి నేను చూపించింది ఈ నిబంధననే.

ఆ కోతను కొనుగోలుదారు మీద వేయడం గురించి కూడా మీరు మీ సభలో ఒకసారి మాట్లాడాలి. ‘కార్డయితే రెండు శాతం అదనం’ అని అట్టముక్క మీద రాసి పెట్టే దుకాణాలు ప్రతి బజారులోనూ ఉన్నాయి. డెబిట్ కార్డు మీద ఎండీఆర్‌ను కొనుగోలుదారుల నుంచి వసూలు చేయనివ్వకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఫిర్యాదు వస్తే మిషను పోతుంది.

నా వృత్తికి దగ్గరి మాట ఒకటి. క్రెడిట్ కార్డు మీద రూ.10,000 బిల్లు, రెండు శాతం ఎండీఆర్ అనుకుందాం. కోత రూ.200, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.36. ఖాతాలో పడేది రూ.9,764. చాలామంది పడిన అంకెనే అమ్మకంగా రాసుకుంటారు. అమ్మకం రూ.10,000. రూ.200 ఖర్చు. రూ.36 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రావాలి, అయితే కంపెనీ నెలనెలా మీ జీఎస్టీ నంబరు వేసి ఇన్‌వాయిస్ ఇస్తేనే అది జీఎస్టీ పోర్టల్‌లో క్రెడిట్ల జాబితా అయిన జీఎస్టీఆర్ 2బీలో కనిపిస్తుంది. దరఖాస్తులో కుర్రాడు జీఎస్టీ నంబరు గడి ఖాళీగా వదిలేస్తే ఏడాది పొడవునా ఆ క్రెడిట్ గాలికి పోతుంది. టర్నోవరు మీద స్థిర శాతం పన్ను కట్టే కాంపొజిషన్‌లో ఉన్నవారికి ఎలాగూ క్రెడిట్ రాదు, కాబట్టి వాళ్లు రేటు పోల్చుకునేటప్పుడు ఆ 18 శాతాన్ని కూడా ఖర్చుగానే చూడాలి. సంఘం బేరమాడిన రేటు జీఎస్టీతో కలిపా, కలపకుండానా అని నేను అడిగితే ఒక కార్యదర్శి గారు నా వైపు వింతగా చూశారు.

బయటికి వచ్చే దారి గురించి చేరేటప్పుడే మాట్లాడుకోవాలి. మిషను తిరిగి ఇచ్చినా అద్దె పోతూనే ఉన్న ఖాతాలు నేను చూశాను, మూడేళ్ల తర్వాత కూడా. కారణం, ఆనాడు ఓటీపీతో పాటే నాచ్ మాండేట్ (ఖాతా నుంచి నెలనెలా సొమ్ము తీసుకునే అనుమతి) ఇచ్చేశారు. దాన్ని రద్దు చేయమని బ్యాంకుకు కాగితం ఇవ్వవచ్చని ఎవరూ చెప్పలేదు. మిషను వెనక్కి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు తీసుకోవాలి. నెలకు ఇంత వ్యాపారం చేయకపోతే అదనపు అద్దె అన్న షరతు ఉందేమో చూడాలి. పేపరు రోలు, సిమ్ ఛార్జీ ఎవరివో అడగాలి. సౌండ్ బాక్సు అద్దె రోజుకు మూడు రూపాయలే అంటారు, ఏడాదికి వెయ్యి దాటుతుంది, చిల్లర కొట్టుకు అది చిన్న మొత్తం కాదు. అయినా సౌండ్ బాక్సు వద్దనను. నకిలీ యాప్‌లో ‘చెల్లించారు’ అన్న పచ్చ తెర చూపించి వెళ్లిపోయేవాళ్ల నుంచి కాపాడేది ఆ తెలుగు గొంతే.

కొన్నాళ్లు వ్యాపారం నడిచాక అదే కంపెనీ యాప్‌లో అప్పు ఇస్తామంటుంది. రోజూ సెటిల్‌మెంటు నుంచి కొంత కోసుకుంటారు. సులువే, కానీ ఒకసారి ఆ అప్పు తీసుకున్నాక అది తీరేదాకా కంపెనీ మారడం కష్టం, నచ్చినా నచ్చకపోయినా. 2024 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారాల టర్మ్ రుణాలకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి. ఫీజులన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం ఎంతో అందులో ఉంటుంది. అది చదివాకే ఓటీపీ చెప్పమనండి.

మన వైపు తప్పులూ ఉన్నాయి, వాటి మీద సంఘాలు కళ్లు మూసుకుంటున్నాయి. క్రెడిట్ కార్డు గీకి, రెండు మూడు శాతం పట్టుకుని నగదు ఇచ్చే దుకాణాలు ఏ వీధిలో ఉన్నాయో మీకు తెలుసు. సరుకు లేని బిల్లది. పట్టుబడితే ఆ దుకాణం మిషను ఒక్కటే పోదు, ఆ బజారు మొత్తం మీద కంపెనీల అనుమానం పెరుగుతుంది, నిజాయతీగా అమ్మేవారికి కూడా రివ్యూలు మొదలవుతాయి. అలాగే ‘మా క్యూఆర్ పనిచేయడం లేదు, మీ ఖాతాలో వేయించుకుని నగదు ఇవ్వండి’ అని అడిగే పరిచయస్తులు. సైబర్ మోసంలో పోయిన డబ్బు తిరిగి తిరిగి అలా చేరితే, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఎవరో చేసిన ఫిర్యాదు మీద దుకాణం ఖాతాలో సొమ్ము నిలిచిపోతుంది. మామూలుగా సరుకు కొన్నవాడి డబ్బు మోసపు సొమ్మైనా ఇదే జరగవచ్చు, అప్పుడు కాపాడేది బిల్లు పుస్తకమే. అందుకే క్యూఆర్ వసూళ్లకు ఒక కరెంటు ఖాతా, పార్టీలకు చెల్లించడానికి వేరే ఖాతా పెట్టుకోమని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతుంటాను.

సేవ ఇస్తున్నది బ్యాంకే అయితే, రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కు ఫోను చేస్తే ఎలాగో చెబుతారు. ఇది సంఘం ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. నేను వెళ్లిన ఏ సంఘం ఆఫీసులోనూ లేదు, మాజీ అధ్యక్షుల ఫోటోలు మాత్రం ఉన్నాయి.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఏ కంపెనీతో మాట్లాడినా ఒప్పందం ప్రతిని సర్వసభ్య సమావేశానికి ముందే సభ్యులకు ఇవ్వండి. ముఖ్యమైన షరతులు తెలుగులో రాసి ఇమ్మని కంపెనీనే అడగండి, ఇన్ని వేల దుకాణాల వ్యాపారం కావలసినవారికి అది భారం కాదు. కంపెనీ నుంచి సంఘానికి ఏం ముట్టిందో జమాఖర్చుల్లో చూపించండి. ఒక్క కంపెనీకే బజారంతా కట్టబెట్టకండి, రెండో దారి లేకుండా చేసుకున్న రోజున సర్వరు పడిపోతే బజారంతా ఒకేసారి చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎవరి సొమ్ము ఎన్ని రోజులు ఆగింది, ఏం చెప్పి వదిలారు అన్నది సంఘంలో ఒక రిజిస్టరులో రాయించండి. వచ్చే ఏడు ఏ కంపెనీ నమ్మదగినదో ఆ పుస్తకమే చెబుతుంది, డైరీ వెనుక అట్ట చెప్పదు.

ఒప్పందం ప్రతి పంపిస్తే నేను చదివి, ఏ షరతు దగ్గర ఆగాలో గుర్తు పెట్టి ఇస్తాను. ఫీజు అక్కర్లేదు. రిటర్నుల గడువు తేదీలైన 11, 20 దగ్గర మాత్రం పంపకండి, సన్మాన సభకు ముందు రోజు సాయంత్రం అసలు పంపకండి.

ఇట్లు
మీ బజారు లెక్కలు చూసే
ఒక జీఎస్టీ ప్రాక్టీషనరు